మూడు నక్షత్రాల ఐసీయూ: మా అన్నయ్యను ఎవరు అడిగారు, ఎవరు అడగలేదు

ఐదుకు మూడు నక్షత్రాలు. వైద్యానికి విడిగా మార్కులు వేసే వీలుంటే నాలుగున్నర వేసేవాణ్ణి. కాగితాల పనికి ఒకటి కూడా ఎక్కువే. నేను చెబుతున్నది విజయవాడలో పేరున్న ఒక ప్రైవేటు ఆసుపత్రి గురించి, అందులోనూ ఊపిరితిత్తుల విభాగం వారి ఐసీయూ గురించి. పేరు రాయడం లేదు. రాస్తే మీరు దాన్ని వదిలి పక్కవీధిలో ఇంకోదానికి వెళతారు. అక్కడా ఇదే ఫారం, ఇదే తంతు. మా చుట్టాల డిశ్చార్జి కాగితాలు కొన్ని తిరగేశాక ఈ సంగతి నాకు రూఢి అయింది.

నేను దస్తావేజు లేఖరిని. గుంటూరు జిల్లాలో ఒక సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసు ఎదురుగా వేపచెట్టు కింద మొదలుపెట్టి, ఇప్పుడు షట్టరు గదిలోకి మారాను. అమ్మకాలు, దానాలు, భాగపంపకాలు, వీలునామాలు రాసి రాసి ఒక అలవాటు పట్టుకుంది. ఎవరు ఏ కాగితం చేతికిచ్చినా ముందు ఖాళీలు చూస్తాను, తరవాత సంతకాల చోటు చూస్తాను, ఆ పైనే విషయం. కాబట్టి ఏసీ చల్లదనం, లిఫ్టుల వేగం లాంటివి నా సమీక్షలో వెతకకండి. క్యాంటీనులో ఇడ్లీ బాగుంది, సాంబారు నీళ్లు.

రోగి మా అన్నయ్య. 76 ఏళ్లు. రైసుమిల్లులో పద్దులు రాసి రిటైరయ్యాడు. ఊక దుమ్ము కొంత, సిగరెట్లు ఎక్కువ, మొత్తానికి ఊపిరితిత్తులు పాడయ్యాయి. డాక్టర్లు సీవోపీడీ అంటారు, మా ఇంట్లో ఆయాసం అంటాం. ఏటా చలికాలంలో నెబులైజరుతో ఎలాగో గట్టెక్కేవాడు. ఈసారి డిసెంబరులో పట్టిన జలుబు ఛాతీలోకి దిగి, మాట మధ్యలో ఊపిరి అందకుండా పోయింది. పెదవులు నల్లబడ్డాయి.

అత్యవసర విభాగం గురించి మంచే చెప్పాలి. స్ట్రెచరు మీద నుంచి దించకముందే ఆక్సిజన్ పెట్టారు, మణికట్టు దగ్గర రక్తం తీసి పరీక్షకు పంపారు. అడ్వాన్సు ఎంత కడతారన్న ప్రశ్న ఆ తరవాతే వచ్చింది. ప్రాణాపాయంలో ఉన్నవాడికి ముందు చికిత్స, మిగతావన్నీ తరవాత అని పరమానంద కటారా కేసులో సుప్రీంకోర్టు 1989లోనే చెప్పింది. కోర్టు చెప్పినంత మాత్రాన అన్నిచోట్లా జరగదు. ఇక్కడ జరిగింది. ఒక నక్షత్రం దానికే.

ఐసీయూకి మార్చాక కాగితాలు మొదలయ్యాయి. రాత్రి పదకొండు దాటాక డ్యూటీ డాక్టరు, పాతికేళ్ల కుర్రవాడు, అద్దాల తలుపు సగం తెరిచి "పేషెంటు తాలూకు ఎవరండీ?" అని పిలిచాడు. మా అన్న కొడుకు ముందుకెళ్లాడు. అట్టకు క్లిప్పుతో బిగించిన నాలుగు పేజీలు, నీలం పెన్ను. "ఇక్కడ, ఇక్కడ, ఇక్కడ సంతకం పెట్టండి సార్. అవసరమైతే వెంటిలేటర్ పెట్టడానికి." మావాడు బెంగళూరు నుంచి అప్పుడే దిగాడు. బడలిక, కళ్ల నిండా నీళ్లు. మారుమాట లేకుండా పెన్ను అందుకున్నాడు. నేను అట్ట లాక్కున్నాను.

నాలుగు పేజీలూ ఇంగ్లీషు, చీమ తలకాయలంత అక్షరాలు. చేయబోయే చికిత్స పేరు రాయవలసిన చోట చుక్కల గీత, ఖాళీ. వివరించిన డాక్టరు పేరు, ఖాళీ. తేదీ ఉంది, సమయం లేదు. ప్రత్యామ్నాయాలు అన్న శీర్షిక కింద మూడు గీతలు, మూడూ ఖాళీ. రోగి సంతకం చేయవలసిన గడిని అడ్డంగా ఒక గీతతో కొట్టేశారు. రోగి సంతకం చేయలేకపోతే కారణమేమిటో రాయమని దాని కిందే ఇంకో గడి, అదీ ఖాళీ. ఆ కింద బంధువు సంతకం, పక్కన పెన్సిలుతో చిన్న టిక్కు. నాలుగో పేజీ అడుగున మాత్రం ఒకే ఒక్క వాక్యం తెలుగులో అచ్చువేశారు: "పై విషయములన్నియు నాకు అర్థమగు భాషలో వివరించినారు." పత్రం మొత్తంలో తెలుగున్నది ఆ ఒక్క చోటే.

మా ఆఫీసులో వేలిముద్ర వేసే ముసలమ్మ పది సెంట్లు అమ్మినా దస్తావేజు ఆసాంతం ఆమెకు చదివి వినిపించాలి. రిజిస్ట్రారు ఆమెనే అడుగుతారు, "ఇది నువ్వే రాసిచ్చావా అమ్మా, డబ్బు ముట్టిందా?" అని. పక్కనున్న కొడుకు జవాబు చెప్పబోతే "నిన్ను కాదయ్యా" అని నోరు మూయిస్తారు. ఇక్కడ జీవితమంతా పద్దులు రాసిన మనిషి, స్పృహలో ఉన్న మనిషి, తలుపుకు అవతల పది అడుగుల దూరంలో ఉన్నాడు. "పేషెంటును అడిగారా?" అన్నాను. ఆ డాక్టరు నిజంగానే ఆశ్చర్యపోయాడు. "పేషెంటునా? ఆయన ఐసీయూలో ఉన్నారు కదండీ" అన్నాడు.

సరిగ్గా ఈ సంగతి మీద సుప్రీంకోర్టు తీర్పుంది. 2008 జనవరిలో వచ్చిన సమీరా కోహ్లీ కేసు. ఢిల్లీలో ఒక క్లినిక్‌లో 44 ఏళ్ల ఆమె పరీక్ష కోసం మత్తుకు ఒప్పుకుంది. ఆమె మత్తులో ఉండగా తల్లి ఒప్పుకోలు తీసుకుని గర్భసంచి, అండాశయాలు తీసేశారు. కాసేపట్లో మెలకువ వచ్చే మనిషి. అప్పటికప్పుడు తీయకపోతే ప్రాణం పోయే పరిస్థితీ కాదు. అలాంటప్పుడు తల్లి ఒప్పుకోలు చెల్లదని, పరీక్షకిచ్చిన సమ్మతి ఆపరేషనుకు పనికిరాదని కోర్టు తేల్చింది. ఏం చేయబోతున్నారు, ఎందుకు చేస్తున్నారు, వేరే మార్గాలేమున్నాయి, ముప్పేమిటి, వద్దంటే ఏమవుతుంది, ఇవన్నీ రోగికి చెప్పాకే అది సమ్మతి అవుతుందంది. మా ఫారంలో ఖాళీగా వదిలినవి వరుసగా ఆ గడులే.

ఆ రాత్రి నేను తీర్పులు వల్లించలేదు. వార్డంతటికీ ఆ కుర్రవాడు ఒక్కడే, అతనితో తగవు పెట్టుకుని ప్రయోజనం లేదు. ఖాళీలున్న కాగితం మీద మావాడు సంతకం పెట్టడని, పెద్ద డాక్టరుకు ఫోను చేయమని అడిగాను. చేశాడు. రాత్రికి బైపాప్ మాస్కుతో (గొంతులో గొట్టం వేయకుండా, ముఖానికి బిగించిన మాస్కు ద్వారా ఊపిరి అందించే మిషను) నెట్టుకురావచ్చని, పొద్దున తాను వచ్చి మాట్లాడతానని అవతలి నుంచి జవాబు వచ్చింది.

లిఫ్టు దగ్గర కుర్చీలలో తెల్లవారేదాకా కూర్చున్నాం. ఎదురుగోడ మీద రోగుల హక్కుల పట్టిక ఉంది. చక్కటి ఫ్రేము, రెండు భాషలు. కింది సగం ప్లాస్టిక్ క్రోటన్ మొక్క వెనక దాక్కుంది. కుండీ జరిపి చదివాను. జాతీయ మానవ హక్కుల కమిషన్ తయారుచేయగా 2018లో కేంద్ర ఆరోగ్య శాఖ బయటపెట్టిన ముసాయిదాలో 17 హక్కులున్నాయి. గోడ మీదికి వచ్చేసరికి అవి తొమ్మిదయ్యాయి. ఇంకో డాక్టరు అభిప్రాయం తీసుకునే హక్కు ఉంది, గోప్యత ఉంది, గౌరవం ఉంది. మందులు, పరీక్షలు ఎక్కడివో మనమే ఎంచుకునే హక్కు మాత్రం లేదు. ఆ పట్టికకు కుడిపక్కనే ఆసుపత్రి వారి మందుల దుకాణం.

ఇక మా ఇంటి సంగతి. ఇది ఆసుపత్రి మీద వేయవలసిన భారం కాదు కానీ, చెప్పకపోతే మిగతాది అర్థం కాదు. అన్న కూతురు డల్లాస్‌లో ఫార్మసిస్టు. ఫోనులో గట్టిగానే అడిగింది: "బాబాయ్, ఇది క్యాన్సరు కాదు. ఆయాసం ఇలా ముదిరినప్పుడు వెంటిలేటర్ పెడితే బయటపడేవాళ్లు చాలామంది ఉంటారు. నాన్నను అడగడమేమిటి, పెట్టించండి." ఆమె మాటలో న్యాయం ఉంది. వదిన మాట వేరు: "ఆయనకు ఏమీ చెప్పొద్దు మరిదిగారూ. భయపడ్డాడంటే ఉన్న ఊపిరి కూడా ఆడదు." అన్న కొడుకు దగ్గర ఇంకో ముక్క ఉంది. ఎప్పుడో సిగరెట్ల స్నేహితుడొకాయన్ను ఐసీయూలో చూసి వచ్చి, "నాకు మాత్రం ఈ గొట్టాలు వద్దురా" అన్నాడట అన్నయ్య. "కానీ బాబాయ్, అది భోజనం చేస్తూ అన్న మాట. దాన్ని పట్టుకుని ఇప్పుడు వద్దనగలనా?" ముగ్గురికీ ఆయనంటే ప్రాణమే. ముగ్గురి మాటలూ పొసగవు.

కేంద్ర ఆరోగ్య శాఖ 2024 జనవరిలో ఐసీయూ చేరికలపై ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం, రోగి, బంధువులు వద్దంటే ఐసీయూలో చేర్చుకోకూడదు. బాగానే ఉంది. ఇంటిల్లిపాదీ ఒక్క మాట మీద ఉన్న కుటుంబాన్ని ఊహించుకుని రాసినట్టుంది ఆ వాక్యం.

పొద్దున వచ్చిన పెద్ద డాక్టరు ఒక ఆవిడ. కుటుంబాన్ని కౌన్సెలింగ్ గదిలో కూర్చోబెట్టి మాట్లాడడం అక్కడి పద్ధతి. ఆవిడ ముందు అన్నయ్య మంచం దగ్గరికే వెళ్లి, వదిననూ నన్నూ అక్కడికే పిలిపించారు. మాస్కు పట్టీలు సడలించి, ముక్కుకు సన్నటి ఆక్సిజన్ గొట్టం తగిలించి, "రెండు నిమిషాలు మాట్లాడుకుందాం బాబాయిగారూ. ఆయాసం వస్తే చెయ్యెత్తండి, ఆపేస్తాను" అన్నారు. రాత్రంతా మాస్కు నొక్కిన చోట ముక్కుదూలం కమిలి ఎర్రగా ఉంది. అక్కడ మెత్తటి పట్టీ వేయమని నర్సుకు చెప్పి, స్టూలు లాక్కుని కూర్చున్నారు. అంతవరకు అక్కడ అందరూ నిలబడే మాట్లాడారు.

"మీరెక్కడున్నారో తెలుసా?"

"బెజవాడ. ఆసుపత్రి."

"ఈరోజు ఏ వారం?"

బుధవారం అన్నాడు, వెంటనే దిద్దుకుని గురువారం అన్నాడు. రెండోదే సరైనది. ఆవిడ చెప్పడం మొదలుపెట్టారు. ఊపిరితిత్తులు అలిసిపోయాయి, లోపలి చెడుగాలి బయటికి పోవడం లేదు. మాస్కు పనిచేస్తే మంచిదే. చేయకపోతే గొంతులోకి గొట్టం వేసి మిషను చేత ఊపిరి ఆడించాలి. అప్పుడు మత్తులో ఉంచుతారు, మాట ఉండదు. "మీలాంటివారిలో కొంతమంది కొన్ని రోజుల్లో మిషను నుంచి బయటపడతారు. కొంతమంది పడరు. మీరు ఎవరిలో ఉంటారో నేను ముందే చెప్పలేను. ఇంట్లోవాళ్లను తరవాత అడుగుతాను. మీకేం కావాలి?"

అన్నయ్య పద్దుల మనిషి. "ఎన్నాళ్లు?" అన్నాడు.

"మూడు నుంచి ఐదు రోజులు చూస్తే ఒక అంచనా వస్తుంది."

"రాకపోతే తీసేస్తారా?"

ఆవిడ మానిటరు వైపు చూశారు, మళ్లీ ఆయన వైపు చూశారు. "తీయవచ్చు. దానికి చట్టం దారి ఇచ్చింది. కానీ పెట్టడానికి ఒక్క సంతకం చాలు, తీయడానికి రెండు బోర్డులు కూర్చోవాలి. మీరనుకున్న రోజున అది జరుగుతుందని నేను మాట ఇవ్వలేను."

ఇంకో నక్షత్రం ఆ జవాబుకు. రోగి ఎదుట ఇంత నిజం చెప్పిన డాక్టరును నేను చూడలేదు. ఆవిడ చెప్పింది అక్షరాలా అలాగే ఉంది. కామన్ కాజ్ అనే స్వచ్ఛంద సంస్థ వేసిన కేసులో 2018 మార్చి 9న సుప్రీంకోర్టు గౌరవంగా చనిపోయే హక్కు జీవించే హక్కులో భాగమేనంది. బాగుపడే ఆశ లేని రోగికి ప్రాణాధార చికిత్స ఆపడానికి ఒక పద్ధతి పెట్టింది. ఆ పద్ధతి మరీ కష్టంగా ఉందని డాక్టర్లు మళ్లీ కోర్టుకెళితే 2023 జనవరిలో సడలించింది. ఇప్పుడు చికిత్స చేస్తున్న డాక్టరు, కనీసం ఐదేళ్ల అనుభవమున్న ఇద్దరు నిపుణులు కలిసి మొదటి బోర్డు. జిల్లా ముఖ్య వైద్యాధికారి పంపే డాక్టరుతో రెండో బోర్డు. ఒక్కొక్కటి 48 గంటల్లోపు తేల్చడం మంచిది. ఆ తరవాత అమలు చేసే ముందు మెజిస్ట్రేటుకు కబురు. పాత పద్ధతిలో 20 ఏళ్ల అనుభవమున్న డాక్టర్లు కావాలి, మెజిస్ట్రేటు స్వయంగా రావాలి. దాంతో పోలిస్తే ఇది నయం. అయినా శనివారం సాయంత్రం జిల్లా ఆఫీసు నుంచి డాక్టరును రప్పించడం ఎలా ఉంటుందో ప్రభుత్వ ఆఫీసుల చుట్టూ తిరిగే వృత్తిలో ఉన్న నాకు ఒకరు చెప్పనక్కర్లేదు.

అన్నయ్య చెయ్యెత్తాడు. మాస్కు పెట్టి, కాసేపాగి మళ్లీ తీశారు. "మాస్కు ఎన్నాళ్లయినా పెట్టండి. మందులన్నీ ఇవ్వండి. గొట్టం వద్దు" అన్నాడు. ఊపిరి తీసుకుని ఇంకో మాట: "మావాణ్ణి అడగొద్దు. వాడు ఏడుస్తాడు."

ఆవిడ కేసు షీటులో రాసి, సమయం వేసి, రాసినదాన్ని తెలుగులో చదివి వినిపించారు. అన్నయ్య వంకర టింకరగా సంతకం చేశాడు. సాక్షులుగా వదినా నేనూ. "ఏమీ చెప్పొద్దు" అన్న వదిన పెన్ను పట్టుకుని కాసేపు ఆలోచించింది. ఆ తరవాత ఆయనకు భయం పెరిగినట్టు మాత్రం మాకెవరికీ కనిపించలేదు. మధ్యాహ్నం పెరుగన్నం అడిగాడు.

డల్లాస్ నుంచి వచ్చిన అభ్యంతరమే అన్నింటికన్నా పదునైనది. రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పెరిగితే మగత కమ్ముతుంది, ఆలోచన మసకబారుతుంది. అలాంటప్పుడు అన్న "వద్దు"కు విలువెంత? డాక్టరుగారు ఆ మాటను కొట్టిపారేయలేదు. "మీరన్నది నిజమే, అందుకే మళ్లీ అడుగుతాను" అన్నారు. సాయంత్రం రక్తపరీక్షలో అంకెలు కొంత మెరుగయ్యాక, అన్న కూతురిని వీడియోలో ఉంచి ప్రశ్నను తిరగేసి అడిగారు: "గొట్టం వేస్తే బతికే అవకాశం పెరుగుతుందనుకోండి. అప్పుడు కూడా వద్దా?" వద్దన్నాడు. కారణం అడిగితే, "నా సంగతి నాకు తెలియకుండా రోజులు గడవడం నాకిష్టం లేదు" అన్నాడు. కూతురు అటువైపు ఏమీ మాట్లాడలేదు. ఆమె ఇప్పటికీ ఒప్పుకోలేదు. గొట్టంతో నయమయ్యే జబ్బుకు దాన్ని వద్దనడం వేరు, ఆశ లేని జబ్బుకు వద్దనడం వేరు అంటుంది. ఆ తేడాను నేను కూడా కాదనలేను. కానీ నిర్ణయం ఆమెదీ కాదు, నాదీ కాదు.

మాస్కే పనిచేసింది. కొన్నాళ్లకు వార్డుకు మార్చారు. ఇప్పుడు ఇంట్లో ఆక్సిజన్ కాన్సంట్రేటరు, రాత్రిపూట బైపాప్, పొద్దున పేపరు. గొట్టం వద్దన్నది సరైన నిర్ణయమని దీన్నిబట్టి రుజువైనట్టు చదవకండి. మాస్కు పనిచేయకపోయినా నేను ఆ డాక్టరుకు ఇదే మార్కు వేసేవాణ్ణి.

మిగతావి గబగబా. నర్సులు చాకుల్లాంటి పిల్లలు. కాకపోతే అరవై దాటిన ప్రతి మగవాడూ వాళ్లకు తాత, ఏకవచనం. "తాతా, నోరు తెరు", "తాతా, ఇటు తిరుగు." అన్నయ్య పట్టించుకోలేదు, నేను పట్టించుకున్నాను. చెబితే రెండు పూటలు మారింది. మందులు బయటి నుంచి తెస్తామంటే "ఐసీయూ మందులు మా దగ్గరే తీసుకోవాలి సార్" అన్నారు, రూలు చూపించమంటే ఎవరి దగ్గరా లేదు. డిశ్చార్జి రోజు బీమా కంపెనీ అనుమతి కోసం చీకటిపడేదాకా కూర్చున్నాం. ఆసుపత్రి కోరిన మూడు గంటల్లోపు తుది అనుమతి ఇవ్వాలని బీమా నియంత్రణ సంస్థ 2024లోనే ఆదేశించింది. ఆసుపత్రి తన కాగితాలు ఎప్పుడు పంపిందో ఎవరూ చెప్పరు కాబట్టి ఆ మూడు గంటలు ఎప్పుడు మొదలయ్యాయో మనకు తెలియదు.

ఇంటికొచ్చాక అన్నయ్యే ఒక ప్రశ్న వేశాడు: "ఈసారికి నేను మాట్లాడగలిగాను. మాట్లాడలేని స్థితిలో వెళితే?" అది నా వృత్తిలోకి వచ్చే ప్రశ్న. పత్రికలు లివింగ్ విల్ అంటున్న ముందస్తు వైద్య ఆదేశ పత్రాన్ని కోర్టు 2018లోనే ఒప్పుకుంది. మొదట్లో దాని మీద మెజిస్ట్రేటు సంతకం కావాలి. 2023 నుంచి నోటరీ గానీ గెజిటెడ్ అధికారి గానీ ధ్రువీకరిస్తే చాలు. స్వతంత్రులైన ఇద్దరు సాక్షులుంటే మంచిది. మనసు మారితే ఎప్పుడైనా రాతపూర్వకంగా రద్దు చేసుకోవచ్చు. ఒక సంగతి మాత్రం గుర్తుంచుకోవాలి. మనిషి స్పష్టంగా మాట్లాడగలిగినంతకాలం అతని మాటే చెల్లుతుంది. ఈ పత్రానికి పని, అతను మాట్లాడలేని స్థితిలో పడి, బాగుపడే ఆశ లేదని డాక్టర్లు తేల్చినప్పుడే.

తెలుగులో రాశాను, ఆసుపత్రి వాళ్ల కోసం ఇంగ్లీషు ప్రతి జతచేశాను. ఆశ లేదని బోర్డు తేల్చాక గొట్టం వద్దు, గుండె ఆగితే ఛాతీ నొక్కవద్దు. నొప్పికి, ఆయాసానికి మందులు మాత్రం తగ్గించవద్దు. తన తరఫున మాట్లాడేవారి పేరు రాయవలసిన చోట కొడుకు పేరు చెబుతాడనుకున్నాను. కూతురి పేరు రాయించాడు, రెండోదిగా నాది. "అది నీతో ఒప్పుకోదు కదా?" అన్నాను. "ఒప్పుకోదు. కానీ రాసినది రాసినట్టు చేయిస్తుంది. వాడు చేయించలేడు" అన్నాడు. ఫోనులో ఈ మాట వినిపిస్తే ఆ పిల్ల ఏడ్చి, సరేనంది.

నోటరీగారు పత్రం చదివి కళ్లజోడు తీశారు. "ఇది ఆత్మహత్య కిందికి రాదు కదండీ?" ఆయన భయానికి కారణం లేకపోలేదు. 2004లో హైదరాబాదులో కండరాల జబ్బుతో మంచాన పడిన వెంకటేశ్ అనే పాతికేళ్ల యువకుడు, చదరంగం ఆటగాడు, తన అవయవాలు పాడవకముందే ఇచ్చి వెళ్లిపోతానన్నాడు. తల్లి హైకోర్టుకు వెళ్లింది, కోర్టు ఒప్పుకోలేదు. ఆ డిసెంబరులోనే అతను చనిపోయాడు. ముంబయి కేఈఎం ఆసుపత్రి నర్సు అరుణా శాన్‌బాగ్ 1973లో జరిగిన దాడి తరవాత 42 ఏళ్లు మంచం మీదే ఉండిపోయింది. 2011లో ఆమె కేసులో చికిత్స ఆపడానికి సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు కానీ, హైకోర్టు అనుమతితో అలా ఆపవచ్చన్న దారి తెరిచింది. 2018 తీర్పు వచ్చాక ఆ గడప కూడా తగ్గింది. ప్రాణం తీయడం వేరు, వద్దన్న చికిత్సను ఆపడం వేరు. వెంకటేశ్ అడిగినది ఈనాటికీ చట్టం ఇవ్వదు, మేమడిగినది ఇస్తుంది. నోటరీగారు 2023 ఉత్తర్వు ప్రతి అడిగి తీసుకుని, చదువుకుని, మర్నాడు ముద్ర వేశారు. ఆ జాగ్రత్త నాకు నచ్చింది.

ఒక ప్రతిని స్థానిక సంస్థలో బాధ్యతగల అధికారికి ఇవ్వాలి. మా ఊరి ఆఫీసులో జనన మరణాల సెక్షనుకు పంపారు. అక్కడి గుమాస్తా తిరగేసి చూసి, "మనిషి ఉన్నాడు కదండీ, మరి మా దగ్గరకెందుకు తెచ్చారు?" అన్నాడు. చివరికి వచ్చిన కాగితాలు నమోదు చేసే ఇన్వర్డులో ముద్ర వేయించుకున్నాను. పక్కన కర్ణాటక ప్రభుత్వం 2025 జనవరిలో ఈ తీర్పు అమలుకు ఉత్తర్వే ఇచ్చింది. మనకూ అలాంటిది ఒకటి ఉంటే ఆ గుమాస్తాకూ తేలికయ్యేది.

ఆసుపత్రి రికార్డుల సెక్షనుకు ఇంకో ప్రతి తీసుకెళితే "దీనికి మా కంప్యూటర్లో కోడ్ లేదు సార్" అన్నారు. స్కాన్ చేసి "ఇతరములు" అన్న ఫోల్డరులో పడేశారు. రేపు అవసరం పడిన రాత్రి డ్యూటీలో ఉండే కుర్ర డాక్టరు ఇతరములు తెరిచి చూస్తాడా? డాక్టరుగారికి చెబితే, ఓపీ ఫైలు మొదటి పేజీ మీద ఎర్రసిరాతో స్వయంగా రాసి సంతకం చేశారు. ఆవిడ సెలవులో ఉంటే ఏమిటన్నదే నా సందేహం. ఒక మనిషి మంచితనం మీద నడిచేదాన్ని పద్ధతి అనలేం.

ఇంకొక్కటి మిగిలింది. రోగి అడిగిన 72 గంటల్లోపు రికార్డుల ప్రతులు ఇవ్వాలని వైద్య మండలి 2002 నిబంధనల్లో ఉంది. నేను రాతపూర్వకంగా అడిగి, రసీదు తీసుకున్నాను. ప్రతులు వచ్చాయి, గడువు దాటాక. మందుల చీటీలు, ఎక్స్‌రేలు, నర్సులు గంటగంటకూ వేసిన అంకెలు అన్నీ ఉన్నాయి. మావాడు సంతకం పెట్టని ఆ నాలుగు పేజీల ఫారం కూడా, ఖాళీలతో సహా, భద్రంగా ఉంది. డాక్టరుగారు రాసి చదివి వినిపించిన పేజీ, అన్నయ్య సంతకం, మా సాక్షి సంతకాలు ఉన్నది, అది మాత్రం లేదు. పేజీ నంబర్ల వరుసలో ఒక అంకె తప్పింది కాబట్టి అది ఎక్కడో ఉందని తెలుస్తోంది. "స్కానింగులో మిస్సయి ఉంటుంది సార్, చూస్తాం" అన్నారు. రెండో దరఖాస్తు ఇచ్చాను, దానికీ రసీదు ఉంది. ఆ పేజీ నా చేతికి వచ్చిన రోజున ఈ మూడును నాలుగు చేస్తాను.